పద్నాలుగో డబ్బా

తేమమీటరు ముల్లు డెబ్బై తొమ్మిది దగ్గర నిలబడి ఉంది. నెవేనా గోటితో దాని గాజు మీద రెండుసార్లు కొట్టింది. ముల్లు కాస్త వణికి ఎనభైకి పోయింది.

"కొట్టకుండా ఉన్నా సరిపోయేది," అంది తనలో తనే.

మంగళవారం. పొద్దున్న పది కూడా కాలేదు, ఇంటి కింది గదిలో అప్పుడే ముప్పై ఆరు డిగ్రీలు. ఆ గదే ఆమె స్టూడియో. దానికున్నది ఒకటే కిటికీ, అది సందులోకి తెరుచుకుంటుంది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసినంత ఇరుకు సందు. అవతలి గోడ దెల్చో హోటల్‌ది. ఆ గోడకు పద్నాలుగు ఏసీ డబ్బాలు రెండు వరుసల్లో బిగించి ఉన్నాయి. హోటల్లో దిగినవాళ్ళు చల్లగా పడుకోవడం కోసం ఆ డబ్బాలు లోపలి వేడినంతా లాక్కొచ్చి నెవేనా కిటికీ మీద కక్కుతాయి. వాటి గొట్టాల్లోంచి కారే నీళ్ళు కింద రాళ్ళ సందుల్లో నిలిచి, ఆ వేడికే ఆవిరై, అదే కిటికీలోంచి లోపలికి వస్తాయి. దీనికి ఊరి పెద్దమనుషులు పెట్టిన పేరు అభివృద్ధి.

పద్నాలుగింటిలో ఒక్కటి మాత్రం, సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉన్న చివరిది, ఎప్పుడూ తిరగదు. అత్తగారు కేరా దాన్ని "సిగ్గున్నది" అంటుంది. మిగతా పదమూడింటికీ ఆవిడ పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

నెవేనాకూ ఒక పాత ఏసీ ఉండేది. దాని డబ్బా కూడా అదే సందులో ఉండటంతో, పదమూడింటి వేడి పీల్చి పీల్చి పోయిన వారం ప్రాణం వదిలింది. బాగుచేసేవాడు వచ్చి చూసి, సెప్టెంబరు దాకా ఇంకోటి దొరకదని చెప్పి వెళ్ళాడు. తేమ లాగే యంత్రం ఒకటి మూలన గురగురలాడుతోంది. గంటకు గిన్నెడు నీళ్ళు తీస్తుంది, తీసినంతసేపూ అదీ వేడే వదులుతుంది. ఆపితే తేమ పెరుగుతుంది, వేస్తే వేడి పెరుగుతుంది. ప్రింటరుకు రెండూ పడవు.

ప్రింటరు గది మధ్యలో బల్లంత వెడల్పున ఉంది. పక్కనే పెట్టెలో దళసరి నూలు కాగితాలు, నలభై. చెయ్యాల్సినవి ఇరవై నాలుగు బొమ్మలు. ఉప్పుమడుల్లో పనిచేసిన ఇరవై నలుగురు ఆడవాళ్ళ మొహాలు. ఇరవై రెండేళ్ళుగా నెవేనా ఒక్కొక్కరినీ వెతికి, కూర్చోబెట్టి, తలగుడ్డ సర్దుకోనివ్వకుండా తీసిన ఫోటోలు. వాళ్ళలో ఇప్పుడు మిగిలినవాళ్ళు ముగ్గురు. శనివారం దేవమాత పండుగనాడు ఊరి గ్రంథాలయం హాల్లో వాటిని పెడతామన్నారు. యాభై ఏడేళ్ళ వయసులో నెవేనాకు ఇది మొదటి ప్రదర్శన. ఇన్నాళ్ళూ ఆమె పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు ఫోటోలూ, వీధి తలుపులకు అంటించే చావు ప్రకటనల్లోని మొహాలూ తీసి బతికింది. పక్క పట్నం బుర్గాస్‌లో అచ్చువేసే షాపువాళ్ళను అడిగితే పండుగ అయ్యాకే కుదురుతుందన్నారు. పండుగ అయ్యాక గ్రంథాలయం హాల్లో పుట్టగొడుగుల వాళ్ళ ప్రదర్శన ఉంది.

ఆమె చేతులు తుడుచుకుని, చేతి తొడుగులు వేసుకుని, ఒక కాగితం తీసింది. అది అప్పటికే అంచుల దగ్గర అప్పడంలా లేచి ఉంది. బల్ల మీద బోర్లించి, పైన అద్దం పెట్టి, పావుగంట ఆగి, ప్రింటరుకు అందించింది. మొదట నుదురు వచ్చింది. నుదుటి ముడతలు వచ్చాయి. కళ్ళు వస్తుండగా కర్రుమని చప్పుడైంది. ఉబ్బిన కాగితానికి ఇంకు చిమ్మే హెడ్డు రాసుకుపోయి, ఒక కంటి నుంచి చెవిదాకా నల్లటి గీత ఈడ్చింది.

మధ్యాహ్నం లోపల అలాంటివి మూడయ్యాయి.

"ఎవరిదే అది?" గుమ్మంలోంచి అడిగింది కేరా. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఎడమ కన్ను పొర కమ్మింది, కుడి కంటితో పెద్దపెద్దవి కనిపిస్తాయి.

"వెలికాది, అమ్మా." ఆ ఊళ్ళో కోడళ్ళు అత్తను అమ్మా అనే పిలుస్తారు.

"దాని మొహానికి మసి పూశావే? బతికుంటే నీ జుట్టు పీకేది."

"నేను పూయలేదు. సందు పూసింది."

కేరా లోపలికి వచ్చి, ముక్కు ఎగబీల్చి, గాలిని రుచి చూసినట్టుగా నాలుక కొంచెం బయటపెట్టింది. ఉప్పుమడుల్లో నలభై ఏళ్ళు చేసిన మనిషి, తేమ ఎంతుందో మీటరు చూడకుండా చెబుతుంది. "ఎనభై ఉంటది," అంది. తర్వాత, "మా కొటారులో పిండీ, రొట్టే బూజు పట్టకుండా ఎలా దాచేవాళ్ళమో తెలుసా? కడగని రాళ్ళ ఉప్పు పొయ్యి మీద వేయించి చుట్టూ పెట్టేవాళ్ళం. ఆ ఉప్పు తాగినంత నీళ్ళు నీ డొక్కు యంత్రం తాగదు."

"పిండికి పనిచేస్తుంది, అమ్మా. ఇది ప్రింటరు."

"గాలి ఒకటేగా?"

ఆ ఉప్పు ఇప్పుడు ఎవరి దగ్గర దొరుకుతుందని అడిగింది నెవేనా.

బుధవారం తెల్లవారుతూనే ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. వెనకటి పనివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన మురికి ఉప్పు, బూడిద రంగులో, బస్తాడు. కేరా కుర్చీలో కూర్చుని పెనం మీద అట్లకాడతో తిప్పుతూ, ఎప్పుడు తియ్యాలో చప్పుడును బట్టి చెప్పింది. "చిటపటలు ఆగనీ... ఆగనీ... ఆ, ఇప్పుడు తియ్." ఆవిడ మొహం నిండా చెమట, అయినా కళకళలాడుతోంది. చాలా ఏళ్ళ తర్వాత ఎవరికో ఒకరికి తన పని కావలసి వచ్చింది. నెవేనా వేడి ఉప్పును పళ్ళేల్లో పోసి గది చుట్టూ, బల్లకింద, ప్రింటరు వెనక అమర్చింది. కిటికీ సందులకు తడి లేని గుడ్డలు కుక్కింది. పళ్ళేల మీదుగా గాలి ఆడటానికి ఫ్యాను పెట్టింది.

తొమ్మిదింటికి ముల్లు డెబ్బై. పదింటికి అరవై రెండు. పదకొండుకు యాభై ఎనిమిది. నెవేనా ఈసారి గాజు మీద కొట్టలేదు. కొట్టడానికి భయమేసింది.

కాగితం పెట్టింది. నుదురు, కళ్ళు, ముక్కు, పగిలిన పెదవులు, నల్లటి తలగుడ్డ ముడి. ఎక్కడా గీత లేదు. నల్లరంగు మసిబొగ్గంత చిక్కగా, ముడతల్లో వెలుగు ఉన్నచోట ఉన్నట్టుగా వచ్చింది. సాయంత్రానికి పదకొండు బొమ్మలు తీగ మీద క్లిప్పులకు వేలాడుతున్నాయి. కేరా వాటి కింద చేతికర్ర ఆనించుకుని నిలబడి, కుడికన్ను దగ్గరగా పెట్టి, ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించింది. "ఇదిగో, యోర్గా. ఇది నా పార పట్టుకుపోయి తిరిగివ్వలేదు. దమ్యానా... దీని నవ్వు చూడు, ఇప్పటికీ అబద్ధాలకోరులాగే ఉంది."

"అమ్మా, మనం గట్టెక్కాం," అంది నెవేనా. ఆ రాత్రి ఆమె నిశ్చింతగా పడుకుంది. ఫ్యాను ఆపలేదు.

గురువారం పొద్దున్న తలుపు తీసేసరికి పదకొండు మందీ ఏడుస్తున్నారు.

అది కన్నీరు కాదని తెలియడానికి ఆమెకు ఒక నిమిషం పట్టింది. నల్లటి చోట్లన్నిటా, తలగుడ్డల మీద, కనుబొమల మీద, సన్నటి నీటి చుక్కలు లేచి, చుక్కకో తెల్లటి గుంట పడింది. వేలు తాకించి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు. ఫ్యాను రాత్రంతా పళ్ళేల్లోని ఉప్పు పొడిని లేపి కాగితాల మీద చల్లింది. తెల్లవారుజామున సందులోంచి తేమ పెరిగేసరికి, మీదపడ్డ ప్రతి రవ్వా నీళ్ళు తాగి ఇంకును తినేసింది. ఉప్పు చేసేపని అదే. ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. ఇన్నేళ్ళు ఉప్పు ఊళ్ళో బతికి, ఉప్పు తిని, ఉప్పు పనిచేసిన అత్తగారి పక్కన పడుకుని, తనకు తోచలేదు. ఈ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. వేరే ఊరివాళ్ళయితే ఉప్పును అంత నమ్మరు.

పెట్టెలో మిగిలినవి ఇరవై ఆరు కాగితాలు. ఆమె లెక్కపెట్టి మూత పెట్టేసింది.

"ఏమైందే?" వంటింట్లోంచి కేరా.

"ఏం లేదమ్మా. పళ్ళేలు తీసేస్తున్నా. గ్రంథాలయం వాళ్ళు అక్కడే ఒక చల్లటి గది ఇస్తామన్నారు. ప్రింటరు అక్కడికి పట్టుకుపోతా."

"మరి ఉప్పు పనిచేసిందిగా?"

"బాగా పనిచేసింది, అమ్మా." అబద్ధం ఆడింది. ముసలావిడ మొహంలోని ఆ కాస్త వెలుగు ఆర్పడానికి చేతులు రాలేదు. ఏడుస్తున్న పదకొండు మందినీ చుట్టి బీరువా మీద పడేసింది.

చల్లటి గది గ్రంథాలయంలో లేదు. ఊళ్ళో పండుగ సీజనులో చల్లటి గదులన్నీ ఎక్కడున్నాయో అందరికీ తెలుసు.

దెల్చో ఆమెను చూసి, చిన్నప్పటి పేరుతో పిలుస్తూ కౌంటరు దాటి ఎదురొచ్చాడు. "నెవ్కా! ఎన్నాళ్ళకి! రా, కూర్చో. ఐసు కాఫీ చెప్పనా? బళ్ళో నా ముందు బెంచీలో కూర్చునేదానివి. నీ జడ అడ్డొచ్చి నాకు బోర్డు కనపడేది కాదు, అందుకే లెక్కల్లో తప్పాను తెలుసా?"

"తప్పినవాడివి హోటల్ కట్టావు. ప్యాసయినదాన్ని నీ వేడి పీలుస్తున్నా."

అతను పకపక నవ్వాడు. మంచివాడే. చర్చికి గంట కొనిచ్చాడు, చలికాలంలో ముసలివాళ్ళకు కట్టెలు పంచుతాడు. తన గోడకు అవతల ఏముందన్నది తప్ప అన్నీ పట్టించుకునే మనిషి. నెవేనా చెప్పిందంతా విన్నాడు.

"ఓస్, ఇంతేనా! కింద చిన్న మీటింగు గది ఉంది. ఆగస్టులో మీటింగులెవడు పెడతాడు? ఎప్పుడూ మూసే ఉంటుంది. మా పనివాళ్ళొచ్చి నీ యంత్రం మోసుకొస్తారు. సాయంత్రం దాకా నీదే." అని కాస్త ఆగాడు. "ఒక్క మాట, నెవ్కా. ఆ ఫిర్యాదు..."

డబ్బాల వేడి మీద, చప్పుడు మీద రెండేళ్ళ నాటి ఫిర్యాదు అది. కేరా చెబుతుంటే నెవేనా రాసింది. కొలవడానికి ఇన్‌స్పెక్టర్ మూడుసార్లు వచ్చాడు. ఒకసారి ఫిబ్రవరిలో, ఒక్క డబ్బా కూడా తిరగనప్పుడు. ఒకసారి పొద్దున్న ఏడింటికి. ఇంకోసారి కరెంటు లేనప్పుడు. మూడుసార్లూ అంతా సవ్యంగా ఉందని రాసుకుపోయాడు. ఈ వారంలో ఎప్పుడైనా మళ్ళీ వస్తామని కబురు పంపారు. ఆ మాట పోయిన వేసవిలోనూ చెప్పారు.

"దానివల్ల నీకు ఒరిగిందేంటి చెప్పు," అన్నాడు దెల్చో మెత్తగా. "నాకు మాత్రం ఫైల్లో ముల్లులా ఉంది. పైన ఇంకో అంతస్తు వేద్దామంటే దాన్ని చూపించి ఆపుతున్నారు."

"పైన అంతస్తా? అంటే ఇంకో పద్నాలుగా?"

"కొత్త రకం డబ్బాలు. చప్పుడే రాదు."

అతను సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు టైపు చేసి ఉంది. ఆమె పూర్తి పేరు, ఇంటి నంబరు, అన్నీ. తేదీ కోసం మాత్రం ఖాళీ వదిలారు. ఎన్నాళ్ళ నుంచి ఆ సొరుగులో ఉందో, అంచులు పసుపు తిరిగాయి. నెవేనాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఇరవై ఆరు కాగితాలు, రెండు రోజులు. వెలికా, యోర్గా, దమ్యానా. వాళ్ళను ఈ ఊరు ఒక్కసారైనా తలెత్తి చూడాలి, అంతే ఆమెకు కావలసింది. కలం అందుకుని తేదీ వేసింది. సంతకం చేస్తుంటే చేతి చెమటకు కాగితం అంటుకుంది.

మీటింగు గదిలో పొడవాటి బల్ల, ప్లాస్టిక్ పూలు, తెర దించిన కిటికీ. నెవేనా ఏసీ రిమోటు చేతిలోకి తీసుకుంది. తెర అవతల ఉన్నది తన ఇంటి సందేనని ఆమెకు తెలుసు. బొత్తాం నొక్కింది. గోడ అవతల ఏదో గుర్రుమంటూ లేచింది. ఇరవై నాలుగు దగ్గర పెట్టింది. కాగితాల పెట్టె మూత తీసి, ఒక్కోటీ విడదీసి బల్లమీద పరిచింది. గది గాలికి అవి అలవాటు పడాలి. మీటరు ముల్లు నెమ్మదిగా దిగుతోంది గానీ చాలలేదు. ఇరవై రెండు చేసింది. తర్వాత ఇరవై. ప్రతి నొక్కుకూ గోడ అవతలి గుర్రు పెరిగింది. ఆ గుర్రుకు పది అడుగుల దూరంలో ముసలావిడ తడి తువాలు కప్పుకుని ఉంటుంది. నెవేనాకు అది తెలుసు. తెలిసీ రిమోటు బల్లమీద బోర్లించి పెట్టి, చేతి తొడుగులు వేసుకుంది.

ముల్లు నలభై ఎనిమిదికి వచ్చి ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె ఏనాడూ చూడని అంకె అది.

పన్నెండింటికి పనివాడు కాఫీతో పాటు ఒక నకలు తెచ్చి ఇచ్చాడు. మునిసిపాలిటీ ముద్ర పడిన నకలు. "అయ్యగారు వెంటనే ఇచ్చి రమ్మన్నారండీ, ఇచ్చేశాను," అన్నాడు. ఆమె దాన్ని మడిచి ఫోటోల పెట్టెలోకి తోసింది.

ఆ తర్వాత ఒక్క కాగితం కూడా లేవలేదు, ఒక్క గీత పడలేదు. ఇరవై నలుగురూ ఒకరి వెనక ఒకరు, ఎవరూ తొందరపెట్టకుండా వచ్చారు. ఇరవై నాలుగోది కేరా. ఉప్పు కుప్ప ముందు పార ఆనించుకుని, సూర్యుడికి కళ్ళు చిట్లించి, ఏదో తిట్టబోతున్న మొహంతో. నెవేనా దాన్ని బల్ల చివర, మిగతావాటి పక్కన పెట్టింది. చలికి చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుంది. ఆగస్టులో చలి. సాయంత్రం ఆరింటికి, బొమ్మల మధ్య పలచటి కాగితాలు పెట్టి సర్ది, ఏసీ ఆపి, తలుపు వేసి బయటికొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి కేరా వంటింట్లో లేదు. స్టూడియోలో, కిటికీ పక్కన స్టూలు మీద, తడి తువాలు మెడచుట్టూ వేసుకుని కూర్చుని ఉంది. మొహం కందిపోయి ఎర్రగా ఉంది. పెదవులు పొడిబారాయి. గదిలో గాలి నోటికి అడ్డం పడేటట్టుంది.

"అమ్మా! ఇక్కడెందుకు కూర్చున్నావ్? పడిపోతే?"

"అరవకే పిల్లా. ముందు కూర్చో." ముసలావిడ గొంతు కీచుగా పలికింది. "వచ్చాడు!"

"ఎవరు?"

"కొలతలవాడు! బుర్గాస్ నుంచి. మూడింటికి వచ్చాడు, మండే ఎండలో, నేను ఒక్కదాన్నే ఉన్నా. వంటింట్లో కూర్చోండి, చల్లటి పెరుగు తరతోర్ పోస్తా అంటానేమో అనుకున్నాడు. నేను పోయలేదు. చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ కిటికీ ముందు నిలబెట్టా. అరగంట నిలబెట్టా. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది వెధవకి. అప్పుడు తీశాడు మీటరు."

నెవేనా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గోడకు జారగిలబడింది.

"ఎంతొచ్చిందో తెలుసా? నలభై మూడు డిగ్రీలు! చప్పుడూ మీరిపోయిందట. ఇదుగో చీటీ రాసిచ్చాడు, నాకు చదివి వినిపించాడు కూడా. హద్దు దాటింది, పద్నాలుగు రోజుల్లో చర్య తీసుకుంటారట. పండుగ వెళ్ళాక డబ్బాలు తీయించేస్తారంట! ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నా." చీటీని రెండు చేతులతో పట్టుకుని ఆవిడ దీపంలా ఎత్తి చూపింది. "ఇదంతా ఎవరి పుణ్యమో తెలుసా? ఆ సిగ్గున్నదానిదే. ఎదుటిది, ఎప్పుడూ తిరగనిది. ఇవాళ పొద్దున్న ఉన్నట్టుండి లేచింది చూడూ, సాయంత్రం దాకా ఆగితే ఒట్టు. మన కిటికీ మీదే ఊదింది. అది లేకపోతే నలభై కూడా వచ్చేది కాదన్నాడు వాడు. ఎవరు తిప్పారో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి."

నెవేనా పెట్టె మూతను గట్టిగా అదిమి పట్టుకుంది. ముద్ర పడిన కాగితం ఈ పెట్టెలో ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికే ఫైలు మూసేశారు. మూడింటికి కొలిచిన కొలతలు ఏ ఫిర్యాదుకూ చెందవు. ఇంకో మూడు గంటలు ఆగి ఉంటే. అసలు సంతకం పెట్టకపోతే ఆ డబ్బా తిరిగేదే కాదు, అప్పుడు కొలత ఎంతొచ్చేదో, అది ఆమె ఆలోచించదలుచుకోలేదు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి ఒంట్లో ఏదో మిగిలి ఉండాలి.

"నీ బొమ్మలేవే? అయ్యాయా? చూపించు, నన్ను చూపించు."

పెట్టె తెరిచింది. పైనే ఉంది మడిచిన కాగితం. కేరా వేళ్ళు ముందు దానికే తగిలాయి. "ఇదేంటి?"

"అడ్డు కాగితం, అమ్మా. రంగు అంటకుండా పెడతారు."

"అయితే జాగ్రత్త చెయ్, మళ్ళీ పనికొస్తుంది," అంది కేరా, దాన్ని నున్నగా విప్పి పక్కన పెడుతూ. తర్వాత తన బొమ్మను కుడికంటి ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. పార పిడిని వేలితో తాకబోయి, చెమట గుర్తొచ్చి, వేలు వెనక్కి తీసుకుంది. "ఎంత పొడిగా వచ్చానే," అంది. "ఉప్పు మహిమ."

అంతలో ఆవిడ తల పక్కకు తిప్పి చెవి రిక్కించింది. సందులోంచి వచ్చే చప్పుడులో ఏదో తగ్గిందని ఆవిడకు ఇప్పుడే తట్టింది.

"ఆగిపోయింది. ఎదుటిది ఆపేశారే! విన్నావా? అప్పుడే భయం పట్టుకుంది వాళ్ళకి. చీటీ కబురు అందినట్టుంది." ఆవిడ భుజాలు కదిలేలా నవ్వింది. "కిటికీ తియ్యవే. తియ్, ఈ వేసవిలో ఒక్కసారైనా తీద్దాం."

నెవేనా లేచి గుడ్డలు లాగేసి, రెక్కలు తెరిచింది. ఎదుట చివరి డబ్బా సందు నీడలో కదలకుండా ఉంది. మిగతా పదమూడూ తిరుగుతూనే ఉన్నాయి. వేడి గాలి ముఖానికి కొట్టింది, బల్ల మీద విప్పి పెట్టిన కాగితం అంచు లేచి ఆడింది. నెవేనా దాని మీద అరచెయ్యి పెట్టింది.

ముసలావిడ కళ్ళు మూసుకుని ఆ గాలికి మొహం ఎత్తింది.

"కాస్త చల్లబడింది కదూ?"

"అవునమ్మా," అంది నెవేనా. "చల్లబడింది."